అడ్డకోతకు పేరైన డాక్టరు ఫానెన్‌స్టీల్

ఆపరేషన్ కాన్పు అయిన ఆడవాళ్ళు మన ఇళ్ళలో రెండు తరాలవాళ్ళు ఉంటే ఒక తేడా కనిపిస్తుంది. పెద్దావిడకు బొడ్డు కింద నుంచి నిలువుగా మచ్చ ఉండవచ్చు. కూతురికో కోడలికో పొత్తికడుపు అడుగున అడ్డంగా సన్నని గీత ఉంటుంది. కుట్లను తమిళంలో తైయల్ అంటారు, కన్నడంలో హొలిగె అంటారు, మరాఠీలో టాకే అంటారు. ఆ అడ్డగీతకు మాత్రం ఏ రాష్ట్రపు ఆసుపత్రిలోనైనా డాక్టర్లు వాడే పేరు ఒకటే, ఫానెన్‌స్టీల్ కోత. కాగితం మీద చూసి దారం తయారుచేసే కంపెనీ పేరేమో అనుకున్నాం మేము. అది మనిషి పేరు. జర్మన్ భాషలో దానికి అర్థం పెనం పిడి!

హెర్మన్ యోహానెస్ ఫానెన్‌స్టీల్ 1862 జూన్ 28న బెర్లిన్‌లో పుట్టారు. అక్కడే వైద్యం చదివి, తర్వాత బ్రెస్లావ్ చేరారు. అప్పుడది జర్మనీ నగరం, ఇప్పుడు పోలండ్‌లో వ్రోత్స్వాఫ్. స్త్రీల వ్యాధుల శస్త్రవైద్యుడిగా ఆయనకు పేరు వచ్చింది అక్కడే.

ఆ రోజుల్లో పొట్ట తెరవాలంటే మధ్యలో నిలువుగా కోసేవారు. తొందరగా లోపలికి చేరవచ్చు, అవసరమైతే కోతను పైకి పొడిగించవచ్చు. కష్టమంతా తర్వాతే. దగ్గినా, బిందె ఎత్తినా పక్క కండరాలు ఆ కుట్టును రెండువైపులకూ లాగుతాయి. కొందరికి లోపలి గట్టి పొర విడిపోయి, పేగు ముందుకు ఉబికి హెర్నియా అయ్యేది. ప్రాణం దక్కిన మనిషి పొట్టకు పట్టీ కట్టుకుని బతకాల్సి వచ్చేది.

1900లో ఆయన తన పద్ధతిని ప్రచురించారు. పొత్తికడుపు ఎముకకు కాస్త పైన, చర్మం సహజంగా ముడతపడే దారిలోనే, కొంచెం వంపుగా అడ్డంగా కోయాలి. దాని కింద ఉన్న గట్టి పొరను కూడా అడ్డంగానే కోయాలి. కండరాలను మాత్రం కోయకూడదు, మధ్యలో పక్కలకు జరపాలి. ఆ లోపలి పల్చని పొరను నిలువుగా తెరవాలి. ఇలా ఒక్కో పొరలో కోత ఒక్కో దిక్కున ఉంటే, మూసిన తర్వాత ఒకదానికొకటి కాపుగా ఉంటుంది. మాకు ఇందులో నచ్చింది ఇదే: మచ్చ అందంగా ఉండడం తర్వాతి సంగతి, ఆయన చూసింది పొట్ట గట్టిదనం.

ఆయన దీన్ని గర్భసంచి, అండాశయాల ఆపరేషన్లకు వాడారు. కాన్పుల్లో ఇది పాతుకుపోవడానికి ఇంకొందరు కావాల్సి వచ్చింది. గర్భసంచిని కుట్టకుండా వదిలేయడం వల్ల తల్లులు చనిపోతుంటే, దాన్ని జాగ్రత్తగా కుట్టాలని 1882లో మాక్స్ జెంగర్ చూపించారు. గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోయడాన్ని 1920లలో గ్లాస్గో డాక్టరు మన్రో కెర్ నిలబెట్టారు. ఒక మాట మన ఆడపిల్లలకు తప్పక చెప్పాలి. పైన చర్మం మీద గీత అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచి కోత కూడా అడ్డంగానే ఉందని కాదు. తర్వాతి కాన్పు మామూలుగా కావచ్చా లేదా అన్నది ఆ లోపలి కోతను బట్టి కూడా ఉంటుంది. పుట్టింట్లో ఒక రాష్ట్రం, అత్తింట్లో ఒక రాష్ట్రం ఉండే మనకు, ఆపరేషన్ వివరం రాసిన కాగితం పారేయకుండా దాచుకోవడం చాలా అవసరం.

ఇక చర్మం మూయడం. పట్టుదారం, గొర్రె పేగుతో చేసిన దారం పాతకాలపువి. ఇప్పుడు కొందరు డాక్టర్లు స్టేపుల్ పిన్నులు వేస్తారు, కొందరు చర్మం కిందుగా కరిగిపోయే దారంతో కుడతారు. పిన్నులైతే కొన్ని నిమిషాలు ఆదా అవుతాయి, కానీ తర్వాత తీయించుకోవాలి. దారంతో కుట్టినవాళ్ళలో గాయం విచ్చుకోవడం తక్కువని పరిశోధనల్లో తేలింది. చర్మం కింద కొవ్వు రెండు సెంటీమీటర్లకు మించి ఉంటే దానికీ విడిగా కుట్టు వేస్తారు. ఏది వేసినా, కుట్టు ఎర్రబడి చీము కారినా, జ్వరం వచ్చినా పసుపు అద్ది ఊరుకోకూడదు. బాలింతను ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

1902లో ఫానెన్‌స్టీల్ గీసెన్‌లో ప్రొఫెసరయ్యారు, 1907లో కీల్ నగరానికి వెళ్ళారు. మరుసటి ఏడాది ఆయన రాసింది చాలామందికి తెలియదు. ఒకే తల్లికి పుట్టిన బిడ్డలు వరసగా తీవ్రమైన పచ్చకామెర్లతో చనిపోవడాన్ని గమనించి, అది ఒక ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించారు. తల్లీబిడ్డల రక్తంలో ఆర్‌హెచ్ తేడా వల్ల అలా జరుగుతుందని తెలియడానికి 1940ల దాకా పట్టింది. ఈ రోజు నెగటివ్ గ్రూపు తల్లికి ఇంజెక్షన్ ఇస్తున్నది అందుకే.

1909లో ఒక స్త్రీకి అండాశయం దగ్గర పట్టిన చీముగడ్డకు ఆపరేషన్ చేస్తుండగా ఆయన వేలికి గాయమైంది. విషం రక్తంలోకి పాకింది. జూలై 3న, నలభై ఏడు నిండిన అయిదో రోజున, ఆయన చనిపోయారు. పెనిసిలిన్‌ను కనుగొనడానికి అప్పటికి ఇంకా 19 ఏళ్ళుంది.