చాకలి ఐలమ్మ

చాకలి ఐలమ్మ (సెప్టెంబరు 26, 1895 - సెప్టెంబరు 10, 1985) తెలంగాణ సాయుధ పోరాటానికి స్ఫూర్తినిచ్చిన రైతు మహిళ. ఈమె అసలు పేరు చిట్యాల ఐలమ్మ.

జీవితం

ఐలమ్మ వరంగల్లు జిల్లా రాయపర్తి మండలంలోని కృష్ణాపురంలో రజక కుటుంబంలో జన్మించింది. చిన్నతనంలోనే పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహతో వివాహమైంది. కులవృత్తే ఆ కుటుంబానికి జీవనాధారం.

భూపోరాటం

నిజాం పాలనలో చాకలివారు దొరల ఇళ్ళలో వెట్టిచాకిరి చేయవలసి వచ్చేది. అటువంటి కాలంలో ఐలమ్మ మల్లంపల్లి మక్తేదారు వద్ద భూమిని కౌలుకు తీసుకొని సాగుచేసింది. ఇది విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి కంటగింపయింది. ఐలమ్మ ఆంధ్ర మహాసభలో చేరడంతో ఆ వైరం మరింత ముదిరింది. ఆ భూమి తనదేనంటూ దేశ్‌ముఖ్ పంటను కోసుకురమ్మని మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు వారిని తరిమివేసి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆమె ఇంటిని తగులబెట్టినా భూమిని మాత్రం వదులుకోలేదు. ఈ విజయం చుట్టుపక్కల గ్రామాల రైతులకు ధైర్యాన్నిచ్చింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో ఉద్యమం ఉధృతమై, సాయుధ పోరాటంగా మారి 1951 వరకు సాగింది.

చివరి రోజులు

ఐలమ్మ పాలకుర్తిలోనే జీవించి, 1985లో మరణించింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఈమె పేరు పెట్టింది.