ఝంగ్ నుండి ట్రియెస్టి వరకు: ఆచార్య అబ్దుస్ సలాం

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాల నుండి వచ్చి చదువుకొనే మన విద్యార్థులకు గొప్ప పరిశోధనాలయాలు అందరాని దూరంలో ఉన్నట్లు తోచడం సహజం. అట్టి దూరాన్ని తాను దాటడమే గాక, ఇతరులకు సైతం తగ్గించిన ఆచార్య అబ్దుస్ సలాం జీవితాన్ని సంగ్రహంగా వివరింపదలచాము.

1926 జనవరి 29న జన్మించిన సలాం అవిభక్త పంజాబులోని ఝంగ్ అనే చిన్న పట్టణంలో పెరిగారు. తండ్రి విద్యాశాఖలో ఉద్యోగి. పదునాలుగవ ఏట మెట్రిక్యులేషన్ పరీక్షలో అంతకుమునుపు ఎవరికీ రానన్ని మార్కులు సాధించారు. లాహోరులో గణితం అభ్యసించి, చిన్న రైతుల బిడ్డలకై ఏర్పడిన ఉపకార వేతనంతో 1946లో కేంబ్రిడ్జి చేరారు.

1951లో ఆచార్యులుగా లాహోరుకు తిరిగి వచ్చిన ఆయనకు పరిశోధన గురించి మాట్లాడే తోడు కరవైంది. కళాశాల వారు ఆయనకు ఫుట్‌బాల్ జట్టు బాధ్యతను అప్పగించారు. స్వదేశమా, శాస్త్రమా అన్న సంకటంలో 1954లో ఆయన మరల ఇంగ్లండు వెళ్లవలసివచ్చింది. ఆ సంకటం మరొకరికి రాకూడదన్న తలంపే 1964లో ఇటలీలోని ట్రియెస్టి నగరంలో అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రమై రూపుదాల్చింది. పేద దేశాల శాస్త్రజ్ఞులు స్వదేశాన్ని వీడకనే కొంతకాలం అక్కడ పరిశోధన చేసి తిరిగి వెళ్లే వీలు కలిగింది.

ప్రకృతిలోని వైవిధ్యం వెనుక ఏకత్వాన్ని వెదకడమే ఆయన శాస్త్రసాధన. విద్యుదయస్కాంత బలం, అణుకేంద్రకంలోని బలహీన బలం ఒక్కటేనని నిరూపించిన సిద్ధాంతానికి 1979లో గ్లాషో, వైన్‌బర్గులతో కలిసి నోబెల్ బహుమతి పొందారు. ఆ సిద్ధాంతం ఊహించిన కణాలు 1983లో జెనీవా చెంత సెర్న్ ప్రయోగశాలలో, ప్రోటాన్లను ప్రతిప్రోటాన్లతో ఢీకొట్టించగా బయటపడ్డాయి.

ఆయన అంతటితో ఆగలేదు. పదార్థాన్ని నిర్మించే కణాలు ఒక జాతి. బలాలను మోసే కణాలు మరొక జాతి. ఒక్కొక్క కణానికి రెండవ జాతిలో ఒక జోడు ఉండాలనే భావనే సూపర్‌సిమెట్రీ. 1974లో స్ట్రాత్‌డీతో కలిసి సలాం దీనికి చక్కని గణితరూపం కల్పించారు. ఆ ఏడే పాకిస్తాన్ పార్లమెంటు ఆయన చెందిన అహ్మదీయులను ముస్లిమేతరులుగా ప్రకటింపగా, నిరసనగా ప్రభుత్వ శాస్త్ర సలహాదారు పదవిని త్యజించారు. అయినను స్వదేశ పౌరసత్వాన్ని విడువలేదు.

ప్రోటాన్ సైతం ఎన్నటికో క్షీణించవచ్చునని జోగేశ్ పతితో కలిసి ఆయన ప్రతిపాదించారు. దానిని పరీక్షించుటకు 1980లో కోలారు బంగారు గనిలో, రెండు కిలోమీటర్లకు మించిన లోతున, భారత జపాన్ శాస్త్రజ్ఞులు ప్రయోగం నెలకొల్పారు. తెలుగు, తమిళ కార్మికుల శ్రమతో లోతెక్కిన గనులవి. ఇల్లందు, కొత్తగూడెం బొగ్గు గనుల నెరిగిన మనకు ఆ లోతు ఊహకందనిది కాదు. అంతరిక్ష కిరణాలను శిలలు అడ్డుకొంటాయి గనుకనే అంత లోతుకు దిగారు. అయితే ప్రోటాన్ క్షీణత నేటికీ రుజువు కాలేదు.

సూపర్‌సిమెట్రీ జోడు కణాల అన్వేషణ నేడు సెర్న్‌లోని 27 కిలోమీటర్ల వలయంలో సాగుతున్నది. ప్రోటాన్లు ఢీకొన్నపుడు వెలువడిన కణాల లెక్క జమాఖర్చుల వలె సరిపోవాలి. ఒక ప్రక్క లోటు కనిపిస్తే, కంటికి చిక్కని కణమేదో దాటిపోయి ఉండవచ్చును. 2012లో హిగ్స్ కణం దొరికింది గాని, జోడు కణాలు ఇంతవరకు దొరకలేదు. ఫలానా బరువు వరకు అవి లేవని తేల్చడం కూడ జ్ఞానమే.

నోబెల్ అనంతరం కలకత్తా వెళ్లి, లాహోరులో తనకు గణితం బోధించిన అనిలేంద్ర గంగూలీ చేతిలో సలాం తన పతకాన్ని ఉంచారు. 1996 నవంబరు 21న ఆక్స్‌ఫర్డులో కన్నుమూశారు. ట్రియెస్టి కేంద్రం నేడు ఆయన పేరనే వెలుగొందుచున్నది. ఆయన ఊహలలో ఒకటి ఫలించింది, కొన్ని ఇంకను పరీక్షలోనే ఉన్నవి. ఎంత గొప్పవాని ఊహయైనా ప్రయోగం ముందు తలవంచవలసినదే. చిన్న ఊరి నుండి వచ్చినవాడైనా ఆ పరీక్షకు నిలువదగిన ఊహ చేయగలడు. ఈ రెండు సత్యాలను మన విద్యార్థులు మదిలో నిలుపుకొందురని ఆశిస్తున్నాము.