మేరియా మాంటిస్సోరి

తెలుగునాట బిడ్డకు అక్షరాభ్యాసము చేయునపుడు పళ్లెములో బియ్యము పోసి, బిడ్డ వ్రేలు పట్టుకొని ఓనమాలు దిద్దించుట ఆచారము. వెనుకటి వీథిబడులలో ఇసుక పఱచి, దానిపై అక్షరములు వ్రాయించెడివారు. వ్రేలు నేర్చిన అక్షరము మనసున నిలుచునని మన పెద్దలు అనుభవమువలన ఎఱిగియుండిరి. దూరమున నున్న ఇటలీదేశమున ఒక వైద్యురాలు ఈ సత్యమునే వేఱొక మార్గమున కనుగొని, లోకమున శిశువిద్యకు క్రొత్త త్రోవ చూపెను. ఆమెయే మేరియా మాంటిస్సోరి.

మేరియా 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన కియరవల్లె యను చిన్న పట్టణమున జన్మించెను. చదువుకొన్న స్త్రీకి ఉపాధ్యాయవృత్తియే తగినదని ఆనాటివారు తలంచెడివారు. తల్లిదండ్రులును ఆమెను ఆ మార్గముననే నడువుమనిరి. కాని ఆమెకు అది రుచింపలేదు. మొదట ఇంజనీరు కావలెనని గణితము నభ్యసించెను. పిమ్మట వైద్యశాస్త్రముపై మనసు నిలిపెను. స్త్రీలు వైద్యము చదువుట మిక్కిలి అరుదైన ఆ దినములలో ఆమె రోమునగర విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. పురుషుల సరసన నిలిచి శవచ్ఛేదము చేయుట స్త్రీకి తగదను నియమముండుటచే, అందఱును వెడలిన పిమ్మట ఆమె యొంటరిగా ఆ గదిలో పని చేయవలసివచ్చెడిది. అయినను ఆమె వెనుదీయక 1896లో వైద్యపట్టమును పొందెను.

తరువాత ఆమె రోములోని మానసిక చికిత్సాలయమున పని చేయుచు, పిచ్చివారి యాశ్రమములను దర్శించుచుండెను. బుద్ధిమాంద్యము గల పిల్లలను ఆ కాలమున పిచ్చివారితోపాటు బంధించి యుంచెడివారు. ఒకచోట పిల్లలు భోజనానంతరము నేలపై పడిన రొట్టెతునకలకై దేవులాడుచుండిరి. అది తిండిపోతుతనమని వారి సంరక్షకురాలు ఈసడించుకొనెను. మేరియా ఆ గదిని కలయజూచెను. అందు ఒక ఆటవస్తువు గాని, చేత పట్టదగిన మఱియే వస్తువు గాని కానరాలేదు. ఆ పిల్లలు కోరునది తిండి కాదు, చేతులకు పని యని ఆమె గ్రహించెను.

అట్టి పిల్లలకు విద్య గఱపుట యెట్లు? ఆ మర్మము నెఱిగిన గురువు ఆమెకు సమీపమున లభింపలేదు. ఆమె గ్రంథములను వెదకి, ఫ్రాన్సుదేశమున వెనుకటి కాలమున జీవించిన ఇద్దఱు మహనీయులను కనుగొనెను. మొదటివాడు ఇటార్. అతడు అడవిలో దొరికిన ఒక బాలునికి ఏండ్లతరబడి ఓర్పుతో విద్య నేర్ప యత్నించినవాడు. రెండవవాడు సెగాన్. అతడు ఇటారునకు శిష్యుడు; బుద్ధిమాంద్యము గల పిల్లలకై పాఠశాల నెలకొల్పినవాడు. ఇటార్ 1838లోను, సెగాన్ 1880లోను మరణించిరి. ఏకలవ్యునికి ద్రోణుని మట్టిబొమ్మ యెట్టిదో, మేరియాకు వారి గ్రంథములు అట్టివయ్యెను. ప్రతి పదము యొక్క భావమును తూచిచూచుటకు వ్యవధి కలుగునని, ఆమె వానిని ఇటలీభాషలోనికి మార్చి మొదటినుండి తుదివఱకు స్వహస్తముతో వ్రాసికొనెను.

1900వ సంవత్సరమున అట్టి పిల్లలకై రోములో స్థాపింపబడిన పాఠశాలను నడుపు భారము ఆమెకు లభించెను. పగలెల్ల పిల్లలకు నేర్పుచు, రాత్రులయందు నాటి యనుభవములను వ్రాసికొనుచు ఆమె శ్రమించెను. ఆ పిల్లలలో కొందఱు చదువుటయందును, వ్రాయుటయందును తక్కిన పిల్లలతో సమానముగ పరీక్షయందు ఉత్తీర్ణులైరి. లోకులు ఆమెను కొనియాడిరి. కాని ఆమె మనసున వేఱొక విచారము పుట్టెను. బుద్ధిమాంద్యము గల పిల్లలు ఇంతటివారైనచో, మంచి ఆరోగ్యము గల పిల్లలు ఇంతకంటె ముందునకు పోలేకుండుట కేమి కారణము? లోపము పిల్లలయందు గాక బడులయందే యుండునేమో యని ఆమె తలపోసెను.

దాని నిజము తెలిసికొనుటకు 1907లో అవకాశము లభించెను. రోమునగరమున సాన్ లొరెంజో అను పేటలో కూలిజనము నివసించెడివారు. తల్లిదండ్రులు పనికి పోగా పిల్లలు మెట్లపై తిరుగుచు గోడలను పాడుచేయుచుండిరి. ఆ పిల్లలను ఒకచోట చేర్చి చూచుకొనుటకు ఇంటి యజమానులు మాంటిస్సోరిని కోరిరి. జనవరి 6వ తేదీన సుమారు ఏబదిమంది పసిపిల్లలతో శిశుగృహము ప్రారంభమయ్యెను. శిక్షణ పొందిన ఉపాధ్యాయిని దొరకనందున, ఒక సామాన్యస్త్రీకి ఆ పని యప్పగించి, మాంటిస్సోరి తాను పిల్లలను పరిశీలించుచుండెను.

ఒకనాడు మూడేండ్ల బాలిక యొకతె కొయ్యదిమ్మెలను తగిన రంధ్రములలో అమర్చుచు, మరల తీయుచు నుండెను. మాంటిస్సోరి తక్కిన పిల్లలచే చుట్టును పాటలు పాడించెను; ఆ బాలిక కూర్చున్న కుర్చీనే యెత్తి బల్లపై నుంచెను. అయినను బాలిక తల యెత్తలేదు. మాంటిస్సోరి లెక్కింప మొదలిడిన తరువాతనే నలువదిరెండు మాఱులు ఆ పని చేసి, పిమ్మట సంతోషముతో తనంతట తానే విరమించెను. పసిబిడ్డకు నిలుకడ లేదను మాట అసత్యమని, తగిన పని చేతికందినచో బిడ్డ తనకు తానే నేర్చుకొనునని అప్పుడు తేలెను. గరుకుకాగితముతో చేసిన అక్షరములపై వ్రేళ్లతో దిద్దుచు, ఆ పిల్లలు నాలుగైదేండ్లకే వ్రాయ నేర్చిరి.

అవధూత ప్రకృతియందు ఇరువదినలుగురు గురువులను కనుగొనెనని భాగవతము చెప్పుచున్నది. మాంటిస్సోరి అట్లే శిశువునందు గురువును దర్శించెను. ఉపాధ్యాయుడు మొదట నేర్వవలసినది బోధించుట కాదు, ఊరక నిలిచి బిడ్డను చూచుట యని ఆమె నమ్మెను.

ఆమె కీర్తి వ్యాపింపగా శిష్యులు చేరసాగిరి. ఆమె యుపన్యాసములు విని ముగ్ధురాలైన అన్నా మక్కెరోని 1908లో మిలాను నగరమున శిశుగృహమును నడిపి, కడవఱకు ఆమెను విడువలేదు. అమెరికాదేశీయురాలగు హెలెన్ పార్క్‌హర్స్ట్ కొంతకాలము ఆమెకడ పనిచేసి, పిమ్మట విడివడి డాల్టన్ పద్ధతి యను వేఱొక పద్ధతిని కల్పించెను. తన పద్ధతిని ఇతరులు మార్చుట మాంటిస్సోరికి సమ్మతము కాకుండెను. అందుచే కొందఱు దూరమైరి. శిష్యుని పట్టియుంచుటకంటె స్వేచ్ఛగా విడుచుట గురువునకు కష్టతరమైన పని.

ఆమె జీవితమున కష్టములు తఱచుగ సంభవించెను. ఇటలీని పాలించు ముస్సోలినీతో పొసగక 1934లో స్వదేశమును విడిచెను. స్పెయిను దేశమున తలదాచుకొనగా అచట 1936లో అంతర్యుద్ధము చెలరేగెను. పిదప ఆమె హాలెండు చేరెను. 1931లో లండనునగరమున ఆమె శిక్షణాలయమునకు గాంధీమహాత్ముడు విచ్చేసి, శిశువిద్యను గూర్చి ప్రసంగించి యుండెను. భారతదేశమున ఆమె బోధనలపై ఆసక్తి గలవారు అప్పటికే పలువురుండిరి.

1939లో జార్జి అరండేలు, రుక్మిణీదేవి దంపతుల యాహ్వానముపై ఆమె కుమారుడు మేరియోతో గూడి మద్రాసునందలి అడయారు చేరెను. అప్పుడు కృష్ణామండలమును మద్రాసు రాజధానిలోని భాగమే. అరువదితొమ్మిదేండ్ల వయసున ఆమె తాటాకుల పందిళ్లలో మున్నూఱుమంది ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఆమె ఇటలీభాషలో చెప్పగా మేరియో ఆంగ్లమున వివరించుచుండెను. 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగగా, ఆంగ్లప్రభుత్వము మేరియోను నిర్బంధించి, ఆమెను అడయారు విడిచిపోరాదని కట్టడి చేసెను. ఆగస్టు 31న, ఆమె డెబ్బదియవ జన్మదినమున, కుమారుడు విడుదలయ్యెను. కొద్ది నెలలకై వచ్చిన ఆమె 1946వఱకు ఈ దేశముననే నిలిచిపోయెను. కొడైకెనాలున నివసించి, పిల్లల కొఱకు చెట్టుచేమలను, జంతువులను పాఠములుగా మార్చెను. 1947లో మరల వచ్చి 1949వఱకు శిక్షణ గఱపెను. 1952 మే 6వ తేదీన హాలెండుదేశమున మరణించెను.

ఆమె మరణించిన మూడేండ్లకు, 1955లో, విజయవాడలో వి. కోటేశ్వరమ్మ మాంటిస్సోరి పేరుతో పిల్లల పాఠశాలను స్థాపించెను. 2017లో పద్మశ్రీ బిరుదమును పొంది, 2019లో పరమపదించిన ఆమె పేరు కృష్ణాతీరమున శిశువిద్యతో పెనవేసికొని యున్నది. ఇటార్ దీపమునుండి సెగాన్, సెగాన్ దీపమునుండి మాంటిస్సోరి వెలిగించుకొన్న వెలుగు ఇట్లు కృష్ణ యొడ్డునకు చేరెను. గురువు ఎదుట లేడని విద్యను మానుకొన నవసరము లేదు. గ్రంథమునందు గురువును వెదకవచ్చును. తన యెదుట కూర్చున్న పసిబిడ్డయందును వెదకవచ్చును. అట్లు వెదకి కనుగొన్న గురువు చూపిన దానిని మఱియొకరికి అందించినపుడే ఆ ఋణము తీరును.