టెన్నిసన్ మహాకవి మనుమడు

ఆంగ్లసాహిత్యముతో స్వల్పపరిచయము గలవారికైనను టెన్నిసన్ మహాకవి పేరు తెలియకపోదు. ఆయన మనుమడు లయొనెల్ టెన్నిసన్ కీర్తి గడించినది కలముతో కాదు, బ్యాటుతో.

లయొనెల్ 1889 నవంబరు 7వ తేదీన లండనులో జన్మించెను. తాత గతించునాటికి వానికి మూడేండ్లయినను నిండలేదు. తండ్రి హాలమ్ ఆస్ట్రేలియాకు గవర్నరు జనరలుగా పనిచేసిన గంభీరపురుషుడు. కుమారుని తీరు వేరు. ఈటనులోను, కేంబ్రిడ్జిలోను చదివి సైన్యమున చేరిన ఆ యువకునకు గుఱ్ఱపుపందెములన్న ప్రాణము. ధనము నీళ్లవలె పోయెడిది. 1913లో లార్డ్సు మైదానమున తన మొదటి పెద్దపోటీలోనే ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయముపై 110 పరుగులు తీసి, ఆ శీతకాలముననే ఇంగ్లండు జట్టుతో దక్షిణాఫ్రికా వెళ్లెను. మరుసటి యేడు మహాయుద్ధము వచ్చెను. రైఫిల్ బ్రిగేడు అధికారిగా పోరాడి అతడు మూడుమారులు గాయపడెను. తమ్ములిద్దఱును ఆ యుద్ధమునకే బలియైరి.

1921లో ఇంగ్లండు ఆస్ట్రేలియా చేత వరుసగా ఏడు టెస్టులలో ఓడిన పిమ్మట నాయకత్వము లయొనెల్‌కు లభించెను. లీడ్సులో బంతి నాపబోగా ఎడమచేతికి పెద్దగాయమయ్యెను. గోరుచుట్టుపై రోకటిపోటన్న దిదియే. అయినను గ్రెగరీ, మెక్‌డొనాల్డుల భయంకరవేగము నెదుర్కొని, దాదాపు ఒంటిచేతితోనే 63, 36 పరుగులు తీసెను. ఇంగ్లండు ఓడినది, కాని వెనుకటివలె తలవంచి ఓడలేదు. తరువాతి మాంచెస్టరు పోటీలో ఇన్నింగ్సు ముగింపును గడువు దాటిన పిదప ప్రకటించి ఈ వీరుడు నవ్వులపాలయ్యెను. ఆ గందరగోళమున ఆస్ట్రేలియా నాయకుడు ఆర్మ్‌స్ట్రాంగ్ నియమవిరుద్ధముగా వరుసగా రెండు ఓవర్లు వేసినను వారించినవారు లేకపోయిరి!

ఓడలు బండ్లగుట, బండ్లు ఓడలగుట చూడవలెనన్న 1922 జూనులో బర్మింగుహాములో జరిగిన పోటీని తలచుకొనవలెను. వార్విక్‌షైరు 223 పరుగులు చేయగా, లయొనెల్ నాయకుడైన హాంప్‌షైరు కేవలము 15 పరుగులకు కూలెను. ఎనమండుగురు సున్నకే వెనుదిరిగిరి. నాయకుని వంతు 4. వెంటనే మరల ఆడవలసివచ్చెను. ఎనిమిది వికెట్లు పడునప్పటికి 274 పరుగులు మాత్రమే, పోటీ ముగిసినట్లే. అప్పుడు జార్జి బ్రౌనునకు తోడుగా వికెట్ కీపరు వాల్టరు లివ్సే నిలిచెను. ఆనాటి ఇంగ్లీషు క్రికెట్టులో పంక్తిభేదము మెండు. వేతనము పుచ్చుకొనని దొరలు వేఱు, కూలికి ఆడువారు వేఱు. వారి విడిదిగదులును వేఱు. లివ్సే కూలికి ఆడువాడే కాక లయొనెల్‌కు స్వంతపరిచారకుడు కూడ. దొర దుస్తులు సవరించు ఆ చేతులే 110 పరుగులు తీసి అజేయముగా నిలిచినవి. బ్రౌను 172 పరుగులు చేసెను. మొత్తము 521! పిదప వార్విక్‌షైరు 158 పరుగులకే కూలగా, హాంప్‌షైరు 155 పరుగుల తేడాతో గెలిచెను. ఆ విజయమున దొర పాలెంత, సేవకుని పాలెంత యన్నచో పరుగుల పట్టికయే చెప్పును.

1928లో తండ్రి మరణింపగా లయొనెల్ మూడవ లార్డు టెన్నిసన్ అయ్యెను. 1937-38లో ఒక జట్టును వెంటబెట్టుకొని భారతదేశమునకు వచ్చెను. అనధికారటెస్టులు అయిదింట మూడు గెలిచినను, కలకత్తాలోను, మద్రాసులోను ఓడెను. అప్పటికి ఇరువదేండ్లవాడైన వినూ మన్కడ్ ఆట చూచి, ప్రపంచజట్టులో చోటు పొందదగినవాడని మెచ్చుకొనెను.

1951 జూన్ 6వ తేదీన బెక్స్‌హిల్‌లో ఆయన మరణించెను. నాటి 15 పరుగులు హాంప్‌షైరు చరిత్రలో నేటికిని అత్యల్పస్కోరే.