గుండాధూర్: దొరకని నాయకుడు, తగ్గిన అటవీ హద్దు

భిలాయ్ ఉక్కు కర్మాగారానికి దశాబ్దాలుగా దల్లీ రాజహరా గనుల ఇనుప ఖనిజమే ఆధారం. అక్కడ నిల్వలు తరిగిపోతుండటంతో కర్మాగారం చూపు ఉమ్మడి బస్తర్ జిల్లాలోని రావ్‌ఘాట్ కొండల వైపు మళ్లింది. అడవి ఎవరిదన్న ప్రశ్న బస్తర్‌కు కొత్త కాదు. 1910లో ఆ ప్రశ్న విల్లంబులు పట్టింది. ఆ తిరుగుబాటుకు గుర్తుగా నిలిచిన పేరు గుండాధూర్.

జగదల్‌పూర్ ప్రాంతంలోని నేతానార్ గ్రామానికి చెందిన ధుర్వా ఆదివాసీ ఆయన. బస్తర్ అప్పట్లో ఒక సంస్థానం. పేరుకు రాజు ఉన్నా పెత్తనం బ్రిటిష్ వాళ్లదే. అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని 1905లో వాళ్లు ప్రతిపాదించారు. పోడు, వేట, అటవీ ఫలసాయం సేకరణ నిషేధమన్నారు. కొన్ని ఊళ్లను పరిహారం లేకుండా ఖాళీ చేయించారు. మిగిలిన ఊళ్లు అటవీ శాఖకు వెట్టి చేయాలి. అప్పటికే పెరిగిన శిస్తులు, అధికారుల వెట్టి చాకిరీ ఉండనే ఉన్నాయి. వీటికి 1899-1900, 1907-08 కరువులు తోడయ్యాయి. రిజర్వేషన్ మొదట అమలైన కాంగేర్ అడవిలోనే తిరుగుబాటూ మొదలైంది. బస్తర్ ప్రజలు దాన్ని భూమ్‌కాల్ అంటారు.

సంతలే సమావేశ స్థలాలయ్యాయి. మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరూరా తిరిగాయి. అది తిరుగుబాటుకు పిలుపు. అల్లూరి సీతారామరాజు మిరపకాయ టపా తెలుగువారికి తెలిసిందే. 1922 నాటి ఆ టపా దాడి గురించి పోలీసులకు ముందే చేసిన హెచ్చరిక. బస్తర్ మిరపకాయ మాత్రం సొంతవాళ్లకు పంపిన కబురు. ఖర్చులకు ప్రతి ఊరూ తన వాటా ఇచ్చింది.

ఫిబ్రవరిలో దాడులు మొదలయ్యాయి. బజార్లను దోచి ధాన్యం పంచారు. అధికారుల, వ్యాపారుల ఇళ్లు, పోలీసు ఠాణాలు, బడులు తగలబడ్డాయి. దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువ మంది ప్రభుత్వంతో ముడిపడినవాళ్లే. ఈ పోరాటానికి రాజధాని గానీ కోట గానీ లేవు, ఒక్క నాయకుడూ లేడు. గుండాధూర్ అందులో ముఖ్యుడు. ముట్టడించడానికి ఒక స్థావరమంటూ లేకపోవడమే ఈ పోరాటానికి బలం.

ఆ బలం సడలిన చోటే దెబ్బ పడింది. సైన్యం వచ్చాక ఆదివాసీ నాయకులు చర్చలకు ప్రయత్నించారు. బ్రిటిష్ బలగాలు వాళ్ల శిబిరాలను చుట్టుముట్టి కాల్పులు జరిపాయి. తర్వాత ఊళ్ల మీద పడి కొరడా దెబ్బలు కొట్టాయి. జనం అడవుల్లోకి పారిపోయి గ్రామాలు ఖాళీ అయ్యాయి. బస్తర్‌ను అదుపులోకి తెచ్చుకోవడానికి సర్కారుకు ఫిబ్రవరి నుంచి మే దాకా పట్టింది. గుండాధూర్ మాత్రం దొరకలేదు.

సైనికంగా చూస్తే అది ఓటమే. కానీ రిజర్వేషన్ పనులు కొంతకాలం ఆగాయి. రిజర్వు చేయదలచిన విస్తీర్ణం కూడా మునుపటి ప్రణాళికలో దాదాపు సగానికి తగ్గింది. మూడు నెలల పోరాటం అడవి హద్దునే మార్చింది.

ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం క్రీడాకారులకు గుండాధూర్ పేరిట పురస్కారం ఇస్తోంది. ఆయన పేరును గౌరవించడం తేలికే. తమ అడవి గురించిన నిర్ణయంలో తమ మాటకూ విలువ ఉండాలని 1910లో ఆదివాసులు కోరారు. రావ్‌ఘాట్ ఖనిజం గురించి మాట్లాడే ప్రతి చోటా ఆ కోరిక మళ్లీ ఎదురవుతుంది.