నవంబరు 14న పుట్టిన ఇంకొకాయన



బాలల దినోత్సవం సంచిక అనగానే మా తరగతిలో పదకొండు మంది చాచా నెహ్రూ గారి గురించే రాసి ఇచ్చారు. గోడ మీద చోటు చాలదని సైన్సు మేస్టారు తొమ్మిది కాగితాలు వెనక్కి ఇచ్చేశారు. అందులో నాదీ ఉంది. నేను ముఖం ముడుచుకుని కూకుంటే ఆయనే పిలిచి, అదే తేదీన ఇంకొకాయన కూడా పుట్టారని, ఆయన గురించి మన హాస్టలు పిల్లలకి బేగి తెలియాలని చెప్పారు. ఆయన పేరు ఫ్రెడరిక్ బాంటింగ్. ఇన్సులిన్ కనిపెట్టినవారు. మేస్టారు ఇచ్చినవి చదివి, తెలియనివి అడిగి, నా మాటల్లో రాస్తున్నాను. మా ఇంట్లో బడికి వచ్చినది నేనే మొదలు. తప్పులుంటే మన్నించండి.

ఇన్సులిన్ మన హాస్టలుకి కొత్త మాట కాదు. ఆరో తరగతి చెల్లి ఒకతె రోజూ పొద్దున్నా రాత్రీ అన్నానికి ముందు పొట్ట మీద సూది వేయించుకుంటుంది. పేరు రాయను, అందరికీ తెలుసు. రాయమని అదే చెప్పింది. జూన్ నెలలో అది వచ్చినప్పుడు మనం ఏటి చేశామో కూడా అందరికీ తెలుసు. అంటుకుంటుందని పెట్టెలు దూరం జరిపాం. దాని గ్లాసు వేరే పెట్టాం. నేనూ జరిపాను. మా అమ్మతో చెప్తే మిఠాయిలు ఎక్కువ తిని ఉంటుంది ఆ గుంట అంది. మా అమ్మ జీడి కాలంలో పలాస కార్ఖానాలకి పప్పు ఒలవడానికి పోతుంది, అక్కడ అలాగే అనుకుంటారట. ఉద్దానం నుంచి వచ్చిన చుట్టం ఒకామె ఆ సూది వేస్తే కిడ్నీలు పోతాయంది. ఉద్దానం వాళ్లకి కిడ్నీ అనే మాట వింటేనే భయం, వాళ్ల ఊళ్లల్లో అంతమంది పోయారు మరి.

ఇవన్నీ తప్పని తరువాత నర్సమ్మ చెప్పింది. అది ముందు రాస్తే బాంటింగ్ గారి కథ అర్థమవుతుంది.

మన పొట్టలో జీర్ణాశయం వెనకాల క్లోమం ఉంటుంది. అది రెండు పనులు చేస్తుంది. ఒకటి, తిండి అరగడానికి రసం పంపడం. రెండోది, అందులో లాంగర్‌హాన్స్ పుటికలని చిన్న చిన్న దీవుల్లాంటివి ఉంటాయి, వాటి నుంచి ఇన్సులిన్ నేరుగా రక్తంలోకి పోతుంది. మనం తిన్న అన్నం, జొన్నలు, చిలగడదుంప అన్నీ ఆఖరికి గ్లూకోజు అవుతాయి. ఆ గ్లూకోజు రక్తంలో నుంచి కండల్లోకి పోవాలంటే ఇన్సులిన్ తలుపు తియ్యాలి. చిన్నపిల్లలకి వచ్చే షుగరులో ఒంట్లో ఉన్న రక్షణ శక్తే పొరపాటు పడి ఆ పుటికల్లో ఇన్సులిన్ చేసే కణాలను చంపేస్తుంది. మిఠాయి వల్ల కాదు. అంటుకోదు. మాత్రలతో కుదరదు, ఇన్సులినే కావాలి, బతికినన్నాళ్లూ కావాలి. చక్కెర రక్తంలో నిండా ఉన్నా ఒళ్లు ఆకలితో ఉంటుంది, అందుకే మూత్రం, దాహం ఎక్కువై మనిషి చిక్కిపోతాడు. షుగరు చాలా ఏళ్లు అదుపులో లేకపోతే కిడ్నీలు పాడవుతాయి. సూది వల్ల పాడవవు, సూది మానేస్తే పాడవుతాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి షుగరే లేదట, అక్కడి కారణం ఇంకా గట్టిగా తేలలేదు. ఆ రెండూ ఒకటి కావు.

ఇప్పుడు బాంటింగ్ గారి కథ. ఆయన 1891 నవంబరు 14న కెనడా దేశంలో అలిస్టన్ అనే ఊరి దగ్గర పుట్టారు. వాళ్లది వ్యవసాయం. ఐదుగురు పిల్లల్లో ఆఖరివారు. చదువులో ఏమంత చురుకు కాదు, స్పెల్లింగులు తప్పులు రాసేవారు. టొరంటోలో కాలేజీ మొదటి సంవత్సరం తప్పారు. తరువాత 1912లో వైద్యంలో చేరారు. ఇక్కడ చదువు ఆపి మేస్టారిని అడిగాను, తప్పినవాళ్లను డాక్టరు చదువులో చేర్చుకుంటారా అని. అప్పట్లో చేర్చుకున్నారు అన్నారు, నవ్వలేదు.

మొదటి ప్రపంచ యుద్ధానికి డాక్టరుగా వెళ్లి 1918లో ఫ్రాన్సులో చేతికి దెబ్బ తగిలినా మిగతావాళ్లకు కట్లు కడుతూనే ఉన్నారట. దానికి పతకం ఇచ్చారు. తిరిగి వచ్చి 1920లో లండన్‌లో ఆసుపత్రి పెట్టారు. ఇది ఇంగ్లండులోని లండన్ కాదు, కెనడాలో కూడా ఆ పేరుతో ఊరుంది. రోగులు రాలేదు. మొదటి నెల మొత్తం మీద వచ్చినది 4 డాలర్లు. చేసేది లేక అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పడానికి కుదిరారు.

1920 అక్టోబరు 30 రాత్రి. క్లాసులో చక్కెర గురించి పాఠం చెప్పాలని చదువుకుంటూ, క్లోమం మీద ఒక డాక్టరు రాసిన వ్యాసం కూడా చదివి తొంగున్నారు. నిద్దర పట్టలేదు. రాత్రి రెండు గంటలకు లేచి పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకున్నారు. అందులో డయాబెటిస్ అనే మాటకే స్పెల్లింగు తప్పు రాశారు! నాకు ఈ సంగతి ఎంత నచ్చిందో చెప్పలేను.

క్లోమం తీసేస్తే కుక్కకి షుగరు వస్తుందని 1889లోనే జర్మనీలో తెలుసుకున్నారు. కాని క్లోమం నూరి మందు తీద్దామంటే ఎవరికీ సరిగా కుదరలేదు. అరుగుదల రసం ఆ మందును పాడు చేస్తుందేమో అని బాంటింగ్ గారికి తోచింది. రసం పోయే గొట్టాన్ని కట్టేసి కొన్నాళ్లు ఆగితే రసం చేసే భాగం ఎండిపోయి పుటికలు మిగులుతాయి, వాటి నుంచి మందు తియ్యొచ్చు. ఆ రాత్రి ఆలోచన ఇదే. కట్టనవసరం లేదని తరువాత తేలింది. అంటే సగం తప్పు ఆలోచనే. అయినా దాంతోనే పని మొదలైంది.

టొరంటో విశ్వవిద్యాలయంలో మక్లియాడ్ అనే పెద్ద ప్రొఫెసరు దగ్గరికి వెళ్లారు. ఆయనకు పెద్దగా నమ్మకం కలగలేదు. అయినా ఒక గది, 10 కుక్కలు, ఒక విద్యార్థిని ఇచ్చి, వేసవికి స్కాట్లాండు వెళ్లిపోయారు. ఆ విద్యార్థి చార్లెస్ బెస్ట్, 22 ఏళ్లు. ఎవరు ముందు వెళ్లాలని ఇంకో విద్యార్థీ అతనూ బొమ్మా బొరుసూ వేసుకున్నారని చెబుతారు. 1921 మే 17న పని మొదలు. ఎండ, ఉక్క, జీతం లేదు. కుక్కలు చాలా చచ్చిపోయాయి. ఇది రాయడానికి నాకు బాధగానే ఉంది, మా ఇంట్లో కుక్క ఉంది. జులై 30న ఒక కుక్కకి మందు ఎక్కిస్తే గంటలో రక్తంలో చక్కెర 200 నుంచి 120కి దిగింది. మార్జొరీ అని పేరు పెట్టిన ఇంకో కుక్క క్లోమం లేకుండా ఆ మందుతో 70 రోజుల దాకా బతికింది. తరువాత కోతశాల నుంచి దూడల, ఆవుల క్లోమాలు తెచ్చి మందు తీశారు. దాన్ని శుభ్రం చెయ్యడానికి కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త వచ్చారు.

అప్పటిదాకా షుగరు వచ్చిన పిల్లలకు వైద్యం ఏమిటో తెలుసా? ఆకలితో ఉంచడం. అన్నం పెడితే చక్కెర పెరుగుతుంది కనుక రోజుకి ఇంత ముద్ద అని తూచి పెట్టేవారు. అలా చేస్తే ఇంకొన్నాళ్లు బతికేవారు, ఎముకల గూడులాగ. మా కొండ మీద కరువులో తిండి లేక చిక్కినవాళ్ల గురించి మా మామ్మ చెప్పేది. ఇక్కడ మటుకు ఇంట్లో తిండి ఉండి అమ్మే పెట్టకూడదు. ఆ అమ్మలు ఎలా ఓర్చుకున్నారో.

లెనార్డ్ థాంప్సన్ అనే గుంటడు టొరంటో ఆసుపత్రిలో అలాగే పడి ఉన్నాడు. 14 ఏళ్లు, నా ఈడువాడు. బరువు 65 పౌన్లు, అంటే 30 కిలోల లోపు. హాస్టల్లో తూచినప్పుడు నేను 38. 1922 జనవరి 11న ప్రపంచంలో మొదటిసారి ఇన్సులిన్ సూది వాడికి వేశారు. మందు శుభ్రంగా లేక సూది వేసిన చోట గడ్డ కట్టింది, చక్కెర కొంచెమే తగ్గింది. ఆపేశారు. కాలిప్ రాత్రీ పగలూ కూకుని మందును ఇంకా శుద్ధి చేశారు. జనవరి 23న మళ్లీ వేశారు. ఒక్క రోజులో చక్కెర 520 నుంచి 120కి దిగింది. వాడు లేచి కూకున్నాడు. ఆ తరువాత 13 ఏళ్లు బతికి 1935లో న్యుమోనియాతో పోయాడు.

కాలిప్ గారి కుందేళ్ల సంగతి కూడా రాయాలి. మందు పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఆయన కుందేళ్లకు ఇచ్చేవారు. మోతాదు ఎక్కువైతే అవి గిలగిలా కొట్టుకుని పడిపోయేవి. గ్లూకోజు ఎక్కిస్తే లేచి మామూలుగా తిరిగేవి. ఇన్సులిన్ చక్కెరను దించుతుంది, ఎక్కడ ఆగాలో దానికి తెలియదు.

ఇది చదివి నేను పుస్తకం మూసేశాను. ఎందుకంటే ఆగస్టులో మన గదిలో జరిగినది అదే. ఆ రోజు గ్యాసు అయిపోయి అన్నం గంట ఆలస్యంగా కొట్టారు. చెల్లికి సూది అప్పటికే పడింది. కొంతసేపటికి దానికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, అడిగితే ఏదో ఏదో మాట్లాడింది. మంత్రం పెట్టించాలని ఒకరు, పడుకోబెట్టమని ఒకరు. దానికి అలాంటప్పుడు ఇవ్వమని నర్సమ్మ కిటికీలో గ్లూకోజు డబ్బా పెట్టింది. తీస్తే ఖాళీ. వారం నుంచి మేము నలుగురం రాత్రిళ్లు చిటికెడు చిటికెడు నాకి తినేశాం. నాలిక మీద చల్లగా ఉంటుందని. దానికొక్కదానికే ప్రత్యేకంగా ఎందుకు పెట్టాలని కూడా మాలో ఉంది. నేను చీకట్లో వంటగదికి పరుగెత్తి టీ పంచదార తెచ్చాను. మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాం. పదిహేను నిమిషాలకు నన్ను అక్కా అని గుర్తు పట్టింది. ఆ డబ్బా తిన్నది మేమని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మిగతా ముగ్గురి పేర్లు రాయను, నాది కింద ఉంది.

చక్కెర 70 కన్నా దిగితే అలా అవుతుందట. తెలివిలో ఉంటే పంచదారో బెల్లమో వెంటనే ఇవ్వాలి, తరువాత అన్నం పెట్టాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. 108కి ఫోను చెయ్యాలి.

బాంటింగ్ గారూ కాలిప్ గారూ కలిసి మంచిగా పనిచేశారని రాద్దామనుకున్నాను కాని నిజం కాదు. కొట్టుకునేదాకా వచ్చారు. బాంటింగ్ గారికి కోపం ఎక్కువ, తన పని పెద్దవాళ్లు లాక్కుంటారని అనుమానం. మందు హక్కు దగ్గర మాత్రం ఎవరూ గొడవ పడలేదు. డాక్టరు తన పేరు పేటెంటు మీద పెట్టుకోకూడదని బాంటింగ్ గారు అనుకున్నారు. 1923లో మనిషికి ఒక్క డాలరు తీసుకుని హక్కును విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1922లో కొన్నాళ్లు మందు తయారీ కుదరక అందరూ బెంగపడ్డారు. తరువాత అమెరికాలో ఎలీ లిల్లీ కంపెనీ పెద్ద ఎత్తున చెయ్యడం మొదలుపెట్టింది. ఆ ఏడాది ఆగస్టులో ఎలిజబెత్ హ్యూస్ అనే పిల్ల బాంటింగ్ గారి దగ్గరికి వచ్చింది. వాళ్ల నాన్న అమెరికాలో పెద్ద మంత్రి. మంత్రి కూతురైనా తిండి లేక 45 పౌన్లే ఉంది. ఆమె కోలుకుని, పెళ్లయి, పిల్లలను కని, 1981 దాకా బతికింది.

1923లో బాంటింగ్ గారికి, మక్లియాడ్ గారికి నోబెల్ బహుమతి వచ్చింది. బాంటింగ్ గారికి 31 ఏళ్లు. బెస్ట్ పేరు లేదని కోపం వచ్చి తన డబ్బులో సగం అతనికి ఇచ్చేశారు. మక్లియాడ్ గారు తన దాంట్లో సగం కాలిప్‌కి ఇచ్చారు. 1934లో సర్ బిరుదు వచ్చింది. మంచులో కూకుని బొమ్మలు గియ్యడం ఆయనకి ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండుకి బయలుదేరిన విమానం కూలి 1941 ఫిబ్రవరి 21న చనిపోయారు. 49 ఏళ్లు. ఆయన పుట్టినరోజునే 1991 నుంచి ప్రపంచ మధుమేహ దినంగా జరుపుతున్నారు.

ఇప్పుడు ఇన్సులిన్ చాలావరకు జంతువుల నుంచి తియ్యడం లేదు. సూక్ష్మజీవుల చేత చేయిస్తున్నారు, అది 1982 నుంచి అమ్మకానికి వచ్చింది. మన చెల్లికి టెక్కలి ఆసుపత్రి నుంచి తెచ్చేది అదే. సీసా మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజే వాడాలి, నారింజ మూతది 100కి. మారితే మోతాదు మారిపోతుంది. కొత్త సీసాలు నర్సమ్మ ఫ్రిజ్‌లో ఉన్నాయి. వాడుతున్న సీసా నెల లోపల అయిపోవాలి, ఎండ తగలకూడదు. అందుకని పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, దాంట్లో పెట్టాం. వరండాలో నీడన ఉంది. ఇసుక ఎండకూడదు. అన్నం ఆలస్యమయ్యే రోజు ముందే తెలిస్తే సూది వెయ్యకుండా ఆపడానికి నర్సమ్మకి కబురు చెయ్యాలని వంటగది తలుపు మీద వార్డెన్ మేడం కాగితం అంటించారు.

గ్లూకోజు డబ్బా నిండుగా ఉంది. అంత్యదీపాలు ఆర్పే ముందు రోజూ ఒకరు మూత తీసి చూస్తాం. కుండకి నీళ్లు పోసే వంతు ఈ వారం నాది, వచ్చే వారం ఎనిమిదో తరగతిది.