ఫ్రాంక్ లాయిడ్ రైట్

ఫ్రాంక్ లాయిడ్ రైట్ (జూన్ 8, 1867 - ఏప్రిల్ 9, 1959) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ వాస్తుశిల్పి. ఇతడు విస్కాన్సిన్ రాష్ట్రంలో జన్మించాడు. షికాగోలో లూయీ సలివాన్ వద్ద పనిచేస్తూ, ఒప్పందానికి విరుద్ధంగా బయటివారి ఇళ్ళకు నమూనాలు గీసి ఇచ్చినందువలన 1893లో ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

1889లో ఓక్ పార్క్‌లో కట్టుకున్న తన ఇంటిని, పిల్లల సంఖ్య పెరగడంతో 1895లో మార్చాడు. పాత వంటగదిని భోజనశాలగా చేసి, పిల్లల ఆటగదిని చేర్చాడు.

మధ్యతరగతి ఇళ్ళలో పేరొందినది పాత్రికేయుడు హెర్బర్ట్ జేకబ్స్ కోసం మాడిసన్‌లో 1937లో పూర్తిచేసిన ఇల్లు. రైట్ రుసుము 450 డాలర్లతో కలిపి దానికి అయిన ఖర్చు 5,500 డాలర్లు మాత్రమే. కారుకు గదికి బదులు పైకప్పు గల చావడి సరిపెట్టాడు. చలికాలంలో వెచ్చదనానికి నేల కింద గొట్టాలు అమర్చాడు. పనివారు లేని ఇల్లాలికి అనువుగా వంటచోటును కూర్చునే గది పక్కనే ఉంచాడు.

పెన్సిల్వేనియాలో ఎడ్గార్ కౌఫ్‌మన్ జలపాతం కనిపించేలా ఇల్లు కోరగా, రైట్ జలపాతంపైనే కట్టాడు. అదే ఫాలింగ్ వాటర్. ముందుకు చొచ్చుకువచ్చిన కాంక్రీటు వసారాల బలాన్ని శంకించి యజమాని వేరే ఇంజనీర్లను సంప్రదించగా రైట్ ఆగ్రహించాడు. అయితే ఆ శంక నిరాధారమైనది కాదు. రైట్ అనుమతి లేకుండా అదనపు ఇనుము వేసినా వసారాలు క్రమంగా కుంగాయి. 2002లో ఉక్కు తీగలు బిగించి వాటిని నిలబెట్టారు. ఈ రెండు ఇళ్ళూ 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.